దారిలో ఉన్నానని చెప్పిన శనివారం

మా ఇంట్లో నా మీద ఒక జోకు ఉంది. అమ్మ "దారిలో ఉన్నా" అందంటే ఇంకా స్నానానికే వెళ్ళలేదని అర్థం. "ఐదు నిమిషాల్లో అక్కడుంటా" అందంటే చీరకి మ్యాచింగ్ జాకెట్టు వెతుక్కుంటోందని. "సిగ్నల్ దగ్గర ఆగా" అందంటే కారు తాళాలు కనిపించడం లేదని. ఈ జోకు పుట్టించింది మా పదహారేళ్ళ అమ్మాయి. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగంతా అర్థమవుతుంది గానీ జవాబులన్నీ ఇంగ్లీషులోనే. నేనూ నవ్వేదాన్ని. నవ్వక ఏం చేస్తాను, నిజమే కదా. మెల్‌బోర్న్‌లో నాకు తెలిసిన మనవాళ్ళందరూ అంతే. ఎనిమిదికి రమ్మంటే తొమ్మిదిన్నరకి వెళ్తాం, పిలిచినవాళ్ళు కూడా తొమ్మిదిన్నరకే పొయ్యి వెలిగిస్తారు. ఎదుటివాళ్ళకి తెలిసి చెప్పేది అబద్ధం కిందకి రాదని నా గట్టి నమ్మకం.

ఆ మాట తెలియని మనిషి ఒకాయన, నేను దారిలో ఉన్నానంటే దారిలోనే ఉన్నాననుకుని, ఒక కట్ట మీద ఐదు గంటలు కూర్చున్నాడు. ఆ తరవాత జరిగిందంతా నా నోటి చలవే.

ఆయన మా పక్క యూనిట్లో ఉండేవాడు. ఎనభై రెండేళ్ళ డచ్చాయన. మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్‌లో మేం ఇల్లు కట్టుకుని వచ్చేసరికే అక్కడున్నాడు. పదిహేనేళ్ళ వయసులో తల్లిదండ్రులతో ఓడెక్కి వచ్చి, కూ వీ రప్ దగ్గర చిత్తడి నేల ఎండగట్టిన పొలాల్లో జీవితమంతా ఆస్పరాగస్ పండించి, భార్య పోయాక పొలం అమ్మేసి ఈ చిన్న యూనిట్‌కి మారాడు. పరిచయమైన మొదటి రోజే మాకు చెడింది. మన అలవాటు కొద్దీ "అంకుల్" అని పిలిచాను. నేను మీ అంకుల్‌ని కాను, నాకో పేరుంది అన్నాడు. పేరు పెట్టి పిలవడానికి నాకు నోరెలా వస్తుంది? చచ్చినా రాదు, అంకుల్ అనే పిలిచాను, ఆయనే సర్దుకున్నాడు. పండక్కి గారెలు పట్టుకెళ్ళి ఇస్తే ఒకటి తిని, ఉప్పెక్కువైంది అని మొహమ్మీదే చెప్పి, మర్నాడు ప్లేటు శుభ్రంగా కడిగి ఖాళీగా తెచ్చిచ్చాడు. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని ఈ ముసలాయనకి ఎవరు చెప్పాలి! రెండు వారాలు ఆయన మొహం చూడలేదు నేను.

మమ్మల్ని కలిపింది ఎలుక బొక్కలు. కంచె దగ్గర ఏదో మాటల్లో, మా నాన్న ఏం చేసేవాడని అడిగాడు. మా నాన్న కృష్ణా కరకట్ట మీద లస్కరు. అంటే కట్టకి కాపలా మనిషి. వరదల రోజుల్లో చేతిలో లాంతరు, భుజాన గునపం వేసుకుని, ఎక్కడ ఊట పడుతోందో, ఎలుకలు, ఎండ్రకాయలు ఎక్కడ బొక్కలు తవ్వాయో చూసుకుంటూ మైళ్ళకి మైళ్ళు తిరిగేవాడు. చిన్న బొక్క అని వదిలేస్తే అదే గండి అవుతుంది. ఇదంతా నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్తుంటే ఆయన చేతిలో కత్తెర అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. మా వైపు ఎలుకలు కాదు, పందికొక్కుల్లాంటివి ఇంకేవో ఉంటాయి అన్నాడు. వాళ్ళ నాన్న కూడా తుఫాను వచ్చిన ప్రతిసారీ ఊరివాళ్ళతో కలిసి కట్ట కాపలాకి వెళ్ళేవాడట. భూగోళానికి ఆ చివర ఒక కట్ట కింద ఆయన, ఈ చివర ఒక కట్ట కింద నేను, వచ్చి వచ్చి క్లైడ్ నార్త్‌లో ఒకే కంచెకి అటూ ఇటూ నిలబడ్డాం. ఆ రోజు ఆయన నవ్వడం మొదటిసారి చూశాను.

అప్పట్నుంచీ ఆయన కట్ట కబుర్లన్నీ నాకే. వాళ్ళ ఇంటి చూరు కన్నా కట్ట ఎత్తట. వంటింటి కిటికీలోంచి చూస్తే గట్టు మీద మేసే గొర్రెల కాళ్ళే కనిపించేవట. వందల ఏళ్ళ క్రితం ఊళ్ళవాళ్ళు తట్టలతో మట్టి మోసి వేసిన కట్ట. సముద్రాన్ని ఎదుర్కొనే కట్టని వాళ్ళు 'మేలుకున్నది' అంటారట, దాని వెనక ఉన్నదాన్ని 'నిద్రపోయేది' అంటారట, ఇంకా వెనక ఉన్నదాన్ని 'కలలు కనేది' అంటారట. మాకు ఒక్కటే కట్ట అంకుల్, అది తెగితే కలలు కనడానికి ఎవరూ మిగలరు అన్నాను. ఏటా వసంతంలో ఒక రోజు తండ్రీ కొడుకులిద్దరూ రొట్టె, చీజు మూట కట్టుకుని ఆ పాత కట్ట మీద ఊరినుంచి సముద్రపు తూము దాకా పన్నెండు కిలోమీటర్లు నడిచేవారు. ప్రపంచంలో అంతకన్నా తేలికైన నడక లేదనేవాడు. ఎక్కడం లేదు, దిగడం లేదు, దారి తప్పడమన్నది లేదు. కట్ట ఎటు పోతే మనమూ అటు.

ఇక అసలు సంగతి. ఆయనకి ఒక్కతే కూతురు, అరగంట దూరంలో ఉంటుంది, ఒక పెద్ద నర్సరీలో మొక్కల విభాగం చూసుకుంటుంది. తండ్రి అంతకుముందు చలికాలం స్నానాలగదిలో జారాడు. ఏమీ కాలేదు, కానీ అప్పట్నుంచీ ఆమెకి నిద్ర లేదు. వృద్ధుల హోమ్‌లో చేరమంటుంది, ఈయన తన యూనిట్ వదలనంటాడు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. తన పాత పొలం దగ్గర, చిత్తడి నేల నీళ్ళని సముద్రానికి తీసుకెళ్ళే పెద్ద కాలవ ఉంది, దానికి కట్ట ఉంది. సరిగ్గా పన్నెండు కిలోమీటర్లు. అది ఆయన నడిచి చూపిస్తే ఇంకో ఏడాది హోమ్ మాట ఎత్తనంది ఆమె. నడవలేకపోతే నోరెత్తకుండా వెళ్ళాలి. ఒంటరిగా మాత్రం నడవకూడదు.

తోడు రమ్మని నన్ను అడిగాడు. చాలా సూటిగా అడిగాడు. రాలేకపోతే ఇప్పుడే చెప్పు, ఇంకెవరినైనా అడుగుతాను, నాకేం బాధ లేదు అన్నాడు. "తప్పకుండా వస్తాను అంకుల్" అన్నాను. మనసులో మాత్రం, ఏప్రిల్ కదా, చాలా టైముంది, చూద్దాంలే అనుకున్నాను. కాదనడం నాకు రాదు. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఊరికే పుట్టలేదు. ఆయన వెళ్ళి క్యాలెండరులో రాసుకున్నాడు. డచ్చివాళ్ళు పుట్టినరోజుల క్యాలెండరు టాయిలెట్‌లో తగిలిస్తారు, అదేం అలవాటో నాకు తెలియదు. చచ్చిపోయిన భార్య పుట్టినరోజు, కూతురి పుట్టినరోజు ఉన్న ఆ క్యాలెండరులో నా శనివారం కూడా చేరింది.

ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. ఏడు మంగళవారాలు ఆయనతో కలిసి వాగు పక్క దారిలో అలవాటు కోసం నడిచాను. మూడు కిలోమీటర్లు, ఐదు, ఏడు. ఆయన నడక గడియారం ముల్లులా ఒకేలా ఉండేది. మోకాలు అన్న మాట ఆయన నోట ఒక్కరోజు రాలేదు. ఆయాసం, కూర్చుందామనడం, నీళ్ళు తాగడం, ఇవన్నీ నావి.

ఆ శనివారం పథకం ఇది. కూతురు పనికి వెళ్తూ ఉదయం ఎనిమిదికి తండ్రిని కట్ట మొదట్లో దింపుతుంది. నేను నా కారులో నేరుగా అక్కడికి వస్తాను. నడక పూర్తయ్యాక సముద్రం దగ్గరికి మావారు వచ్చి ఇద్దరినీ ఎక్కించుకుంటారు. ఇందులో కష్టమేముంది? కానీ అదే శనివారం మా వీధి చివర ఒకమ్మాయి గృహప్రవేశం పెట్టుకుంది. తెల్లవారుజామున ముహూర్తం, ఆరున్నరకి సత్యనారాయణ వ్రతం. "వదినా, పులిహోర నువ్వే కలపాలి, నీ చేతి పులిహోరే కావాలి అందరికీ" అంది. ఆమెకీ తప్పకుండా అన్నాను. ఏడున్నరకల్లా పులిహోర కలిపేసి బయటపడొచ్చని అనుకున్నాను. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినదాన్ని నేనే, తోసినవాళ్ళెవరూ లేరు.

ఏడున్నరకి పంతులుగారు ఇంకా ఎక్కడో ఫ్రీవేలో ఉన్నారు. ఆయన కూడా దారిలోనే ఉన్నానన్నారు. ఎనిమిదికి పది నిమిషాలుండగా డచ్చాయన కూతురు మెసేజ్ పెట్టింది, నాన్నని దింపాను, నువ్వు ఎక్కడున్నావు అని. నా చేతులకి పసుపు. ఒక వేలితో "ఆన్ ద వే" అని కొట్టి పంపేశాను. ఆ మాట చూసుకుని ఆమె పనికి వెళ్ళిపోయింది. ఆ మాటే లేకపోతే ఆగి ఉండేది. తండ్రిని వెనక్కి తీసుకెళ్ళి ఉండేది, ఇంకో శనివారం చూసుకునేవాళ్ళం. ఈ సంగతి నేను ఎన్నిసార్లు తిరగేసుకున్నానో నాకే తెలుసు.

తొమ్మిదికి ఆయన ఫోన్ చేశాడు. ట్రాఫిక్ అన్నాను. పదికి ఇంకో ఐదు నిమిషాలు అన్నాను. కథ మూడో అధ్యాయంలో ఉంది, మధ్యలో లేచి వెళ్తే ఇంటావిడ నొచ్చుకుంటుంది, ప్రసాదం తీసుకోకుండా వెళ్తే దేవుడు నొచ్చుకుంటాడు. మావారు పక్కన కూర్చుని, ఆయనకి రాలేనని చెప్పేసెయ్, పోనీ నేను వెళ్ళి తీసుకొస్తాను అన్నారు. "మీరు ఊరుకోండి, నేను చూసుకుంటాను" అని కసిరాను. ఇప్పుడు రాలేనంటే ఇందాక దారిలో ఉన్నానన్నది అబద్ధమని తేలిపోదూ! అదీ నా బాధ. ఎండలో ఒక ముసలాయన కూర్చున్నాడన్నది కాదు నా బాధ, నేను అబద్ధాలకోరునని తెలిసిపోతుందేమో అన్నది. ఇంకా చెప్పాలంటే, పన్నెండు కిలోమీటర్లు తప్పితే బాగుండునన్న ఆశ కూడా లోపల ఒక మూల ఉంది. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను. పదకొండున్నరకి ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. విస్తరి ముందు కూర్చుని భోజనం కూడా చేశాను. నా పులిహోర అందరూ మెచ్చుకున్నారు.

కట్ట దగ్గరికి చేరేసరికి ఒంటిగంట. కారు దిగి పైకెక్కి చూస్తే, కనుచూపు మేర తిన్నగా సాగిపోయిన మట్టిగట్టు, ఒక పక్క కాలవ, ఇంకో పక్క పల్లంగా పొలాలు. మా ఊరి కరకట్ట మీదకి ఎక్కినట్టే ఉంది. పది అడుగుల దూరంలో మడత కుర్చీలో ఆయన. టోపీ, నడక బూట్లు, ఒళ్ళో సంచీ. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఫ్రీవే మీద యాక్సిడెంట్ అయిందని మొదలుపెట్టాను. ఆయన నా మొహం చూడలేదు, నా కాళ్ళు చూశాడు. పట్టుచీర అంచు కింద పాదాలకి నిండా పసుపు రాసి ఉంది. బూట్లు డిక్కీలో ఉండిపోయాయి. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు, నాకు అదీ చేతకాలేదు.

"నేను కదల్లేదు. నువ్వు దారిలో ఉన్నానన్నావు కదా, నేను వెళ్ళిపోతే నువ్వొచ్చి వెతుక్కుంటావని" అన్నాడు. అంతే. కోప్పడలేదు. సంచీలోంచి కాగితంలో చుట్టిన శాండ్‌విచ్ తీసి ఇచ్చాడు. చీజ్‌ది. నేను శనివారం మాంసం తిననని ఎప్పుడో ఒకసారి చెప్పాను, గుర్తుపెట్టుకున్నాడు. కడుపు నిండా తిని వచ్చిన నేను అది చేత్తో పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు బయల్దేరితే ఆయన నెమ్మది నడకకి, మధ్యలో నేను ఆగి ఆగి కూర్చునేదానికి, చీకటి పడేలోగా చేరం, పైగా ఆయన అప్పటికే ఐదు గంటల ఎండ తిన్నాడు. అది ఇద్దరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడు, కారెక్కేటప్పుడు సైలెంట్ తీసిన నా ఫోన్ మోగింది. ఆయన కూతురు. ఎంతవరకు వచ్చారు, నాన్న ఎలా ఉన్నాడు అని అడిగింది. ఇంకా మొదలే పెట్టలేదని నేనెలా చెప్పను? నోటికి ఏది దగ్గర్లో ఉంటే అది వచ్చేసింది. "మోకాలు కొంచెం నొప్పిగా ఉందన్నాడు, అందుకే వెనక్కి వచ్చేశాం" అన్నాను.

మనవాళ్ళలో ఇది అన్నిటికన్నా మర్యాదైన సాకు. పెళ్ళికి వెళ్ళకపోతే ఒంట్లో బాగోలేదంటాం, ఇంకెవరూ ఆరా తీయరు, ఎవరి మనసూ నొచ్చుకోదు, మర్నాటికి అందరూ మర్చిపోతారు. ఆమె మర్చిపోయే మనిషి కాదు. సరే, జాగ్రత్తగా ఇంటికి తీసుకెళ్ళు, చాలా థాంక్స్ అంది. ఫోన్ పెట్టేసి చూస్తే ఆయన నన్నే చూస్తున్నాడు.

"నా మోకాలు బాగానే ఉంది" అన్నాడు.

ఆమె కంగారు పడకూడదని అలా చెప్పానన్నాను. ఆయన కుర్చీ మడతపెట్టాడు.

మర్నాడే కూతురు వచ్చింది. తండ్రిని క్షేమంగా వెనక్కి తెచ్చినందుకు నాకు ఒక కేకు తెచ్చింది. తేలు కుట్టిన దొంగలా ఆ కేకు అందుకున్నాను. మా అమ్మాయి పక్కనే ఉంది, దానికి మొత్తం తెలుసు. ఆమె వెళ్ళగానే "అమ్మా, జస్ట్ టెల్ హర్" అంది. నీకేం తెలుసు పెద్దవాళ్ళ వ్యవహారాలు అని దాని మీద ఎగిరాను. ఆ కేకు మా ఇంట్లో ఎవరూ ముట్టలేదు.

ఆయన కూతురితో నిజం చెప్పాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. నా మోకాలికి ఏమీ కాలేదు, ఆమె ఆలస్యంగా వచ్చింది, మళ్ళీ నడుస్తాను అన్నాడు. ఆమె నమ్మలేదు. ఇల్లు వదలాల్సొస్తుందన్న భయంతో ముసలివాళ్ళు నొప్పులు దాచుకుంటారని ఆమెకి తెలుసు. పక్కింటి మర్యాదస్తురాలైన భారతీయ స్త్రీకి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది? మళ్ళీ నడక వద్దు, ముందు డాక్టరు చూడాలంది. డాక్టరు ఎక్స్‌రే చూసి ఆ వయసుకి ఉండే అరుగుదల ఉందన్నాడు. ఉండదూ మరి! అది కూడా నా మాటకి సాక్ష్యమైంది.

ఒకరోజు ఆయన కంచె దగ్గరికి పిలిచాడు. హోమ్‌లో ఒక గది ఖాళీ అయిందట, రెండు వారాల్లో జవాబు చెప్పాలట. "ఆ మాట నువ్వన్నావు. నువ్వే వెనక్కి తీసుకోవాలి. నేను చెప్తే అది సాకు, నువ్వు చెప్తే నిజం" అన్నాడు. ఈ వారాంతంలో తప్పకుండా చెప్తాను అంకుల్ అన్నాను. ఆయన సరే అని లోపలికి వెళ్ళిపోయాడు. తప్పకుండా అన్న మాటకి నా దగ్గర ఏం విలువుందో ఆయనకి అప్పటికి తెలిసే ఉంటుంది.

ఆ వారాంతం చెప్పలేదు. ఆమె కారు వాకిట్లో ఆగితే నేను వెనక గదిలోకి వెళ్ళి బట్టలు మడతపెట్టాను. తరవాతి వారం ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశాను. ఏమని మొదలుపెట్టాలి? పసుపు కాళ్ళతో మొదలుపెట్టనా, పులిహోరతోనా? రెండు వారాలు అలాగే గడిచాయి. జూన్‌లో ఒక ఉదయం చిన్న ట్రక్కు వచ్చి ఆయన సామాను ఎక్కించుకుపోయింది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుంటే, నీ చెత్త డబ్బా మంగళవారం బయట పెట్టడం మర్చిపోకు, నేనిక గుర్తుచెయ్యను అన్నాడు.

ఆ హోమ్ కేరమ్ డౌన్స్‌లో మన శివవిష్ణు గుడికి వెళ్ళే దారిలోనే ఉంది. చలికాలం అంతా శనివారాలు గుడికి వెళ్ళాను, ఆ గేటు ముందునుంచే వెళ్ళాను, ఒక్కసారీ కారు ఆపలేదు. దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆయన ఆరోగ్యం బాగుండాలని కోరుకుని, అదే దారిన వెనక్కి వచ్చేదాన్ని. ఇంతకన్నా సిగ్గుమాలిన భక్తి ఉంటుందా?

అక్టోబరులో ఒక శనివారం మా అమ్మాయి కారు నడుపుతోంది. హోమ్ గేటు దాటగానే, ఇంకా నడపడం నేర్చుకుంటున్న పిల్ల, నేను చెప్పకుండానే కారు పక్కకి తీసి ఆపింది. వెళ్ళు అంది. ఆ ఒక్క మాటా తెలుగులో అంది.

వరండాలో ఆయన నడిచే ఫ్రేము పట్టుకుని నిలబడ్డాడు. నాలుగు నెలల్లో మనిషి సగమయ్యాడు. అక్కడ నడవడానికి కార్పెట్ వేసిన ఒక పొడుగాటి నడవా తప్ప ఇంకేమీ లేదు, కూర్చుని కూర్చుని కాళ్ళలో బలం పోయింది. కుడి మోకాలికి పట్టీ ఉంది. ఏమైందని అడిగాను. "నొప్పి" అన్నాడు. "ఇప్పుడు నిజంగానే." నేను ఏప్రిల్‌లో చెప్పిన అబద్ధం ఆయన మోకాలు పట్టుకుని ఆరు నెలలు వదల్లేదు, చివరికి నిజమై కూర్చుంది. అక్కడే నిలబడి ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చలేదు, ఏడుపు అయ్యేదాకా ఆగాడు.

అక్కణ్ణుంచి నేరుగా ఆయన కూతురు పనిచేసే నర్సరీకి వెళ్ళాం. నారు ట్రేల మధ్య, చేతులకి మట్టితో ఉంది ఆమె. వ్రతం, పులిహోర, ట్రాఫిక్, మోకాలు, అన్నీ చెప్పాను, ఏదీ దాచలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఆమె చేతిలో ట్రే కింద పెట్టింది. "ఆయన చెప్తూనే ఉన్నాడు. నేను ఆయన్ని నమ్మలేదు, నిన్ను నమ్మాను" అంది. తిట్టి ఉంటే బాగుండేది. యూనిట్ ఆగస్టులోనే అమ్మేశారు. ఇప్పుడు అక్కడ ఇద్దరు చిన్నపిల్లల తల్లీ తండ్రీ ఉంటున్నారు, కంచె మీద పిల్లల తువ్వాళ్ళు ఆరేస్తారు. వెనక్కి తీసుకోవడానికి నా మాటైతే ఉంది గానీ, తిరిగివ్వడానికి ఇల్లు లేదు.

నవంబరులో కూతురే ఫోన్ చేసింది. నాన్న కట్ట చూస్తానంటున్నాడు, నిన్నూ రమ్మంటున్నాడు, శనివారం ఎనిమిదికి అంది. ఆ శనివారం నేను ఏడుంబావుకి అక్కడున్నాను. బూట్లు వేసుకుని, కారులో కూర్చోకుండా, కట్ట మీద నిలబడి ఎదురుచూశాను. ఆ నలభై ఐదు నిమిషాలూ ఎంత పొడుగున్నాయో! దూరంగా ప్రతి కారూ వాళ్ళదే అనిపించేది. ఐదు గంటలంటే ఏమిటో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది.

కూతురు చెయ్యి పట్టుకుని ఆయన పైకెక్కాడు. ఫ్రేము కంకర మీద కదల్లేదు. నాలుగడుగులు వేసి ఆగాడు. గట్టు వెంబడి చివరిదాకా చూశాడు. నువ్వు నడువు, మేము కారులో సముద్రం దగ్గరికి వెళ్ళి ఉంటాం అన్నాడు. ఎంతసేపట్లో వస్తావని అడిగాడు. మూడు గంటలన్నాను.

నడిచాను. అది నిజంగానే తేలికైన నడక. ఎక్కడం లేదు, దిగడం లేదు. ఎడమ పక్క నీళ్ళు గట్టుకి కాస్త కిందగా కదులుతున్నాయి, కుడి పక్క పొలాలు ఇంకా పల్లంలో, ఆవులు తలెత్తి నన్ను చూస్తున్నాయి. గాలి ఉప్పగా వస్తోంది. ఇంత తేలికైనదాన్ని ఆయనకి లేకుండా చేశానే అని ప్రతి అడుగుకీ అనిపించింది. ఒక చోట గట్టు వాలులో కుందేలు తవ్విన బొక్క కనిపించి, నాన్న అలవాటే కాబోలు, ఆగి కాలితో మట్టి తోసి పూడ్చాను. రెండుసార్లు ఆయన ఫోన్ చేశాడు. మొదటిసారి ఎక్కడున్నావంటే, నాలుక మీద "దగ్గర్లోనే, వచ్చేస్తున్నా" సిద్ధంగా ఉంది. పళ్ళు బిగబట్టాను. రెండో వంతెన ఇంకా రాలేదు అంకుల్, ఆకుపచ్చ రంగు పంపు దగ్గర కూర్చున్నాను, ఆయాసంగా ఉంది అన్నాను. సరే అని పెట్టేశాడు. రెండోసారీ ఉన్న చోటే చెప్పాను.

సముద్రం దగ్గర గట్టు అయిపోయిన చోట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆటు సమయం, నీళ్ళు దూరంగా వెళ్ళిపోయి బురద మెరుస్తోంది. వాచీ చూసుకున్నాడు. మూడు గంటల పది నిమిషాలు, మూడన్నావు అన్నాడు. సంచీలోంచి కాగితం పొట్లం తీశాడు. చీజ్ శాండ్‌విచ్. శనివారం కదా. ఈసారి నాకు ఆకలేస్తోంది, పక్కన కూర్చుని మొత్తం తిన్నాను. ఆయన కూతురు కొంచెం అవతల నిలబడి నీళ్ళ వైపు చూస్తోంది.

తినడం అయ్యాక, ఇప్పుడు చెప్పు అన్నాడు. చాలా బాగుంది అంకుల్, గాలి కూడా బాగుంది అని మొదలుపెట్టాను. చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"అలా కాదు. నేను కూర్చున్న చోటునుంచి మొదలుపెట్టు. నిదానంగా చెప్పు, నాకు చాలా టైముంది" అన్నాడు.

కళ్ళు మూసుకుని, బూట్లు వేసుకున్న రెండు పాదాలూ నేల మీద ఆనించాడు. ఆ మడత కుర్చీ వేసిన చోటునుంచి, మొదటి అడుగునుంచి, ఏదీ కలపకుండా చెప్పడం మొదలుపెట్టాను.